జరిమానా సొమ్ము ఏ వీధిది?

నాసిరకం సీసీ రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు జరిమానా విధించారని, గడువులోగా మురుగుకాలువ పూర్తి చేయనివారి డిపాజిట్టు జప్తు చేశారని పత్రికల జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు చదువుతుంటాం. చదివి తృప్తి పడతాం. తప్పు చేసినవానికి శాస్తి జరిగిందనుకొని పేజీ తిప్పేస్తాం. ఆ వార్తకు రెండవ భాగం ఒకటి ఉండాలన్న సంగతి మనకు తోచదు. వసూలైన సొమ్ము ఎక్కడికి చేరింది? ఎవరి తీర్మానంతో, ఏ పనికి ఖర్చయింది? కంకర తేలిన ఆ వీధికి అందులో ఒక్క రూపాయి అయినా తిరిగి వచ్చిందా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పురపాలక సంఘాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్న అడుగుతున్నాం. మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లా పట్టణాలే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. 2020 జనవరి ఎన్నికల నాటికి జగిత్యాలలో 48, కోరుట్లలో 33, సిరిసిల్లలో 39, అంటే మొత్తం 120 వార్డులు. జిల్లా హోదాతో పాటు రోడ్లు, కాలువలు, కూడళ్లు, వీధిదీపాలు, పైపులైన్ల పనులు వెల్లువెత్తాయి. పనులు పెరిగితే లోపాలూ పెరుగుతాయి, లోపాలు పెరిగితే జరిమానాలూ పెరగాలి. ఆ జరిమానాల లెక్క మాత్రం పట్టణ ప్రజల ముందుకు రాదు.

మా వాదన సూటిగా చెబుతాం. కాంట్రాక్టరు నుంచి వసూలైన జరిమానా పురపాలక సంఘానికి అనుకోకుండా కలిసొచ్చిన ఆదాయం కానే కాదు. నష్టపోయిన వీధికి చెందవలసిన పరిహారాన్ని ఆ వీధి తరపున సంఘం చేతపట్టుకున్నది. మన మాటల్లో చెప్పాలంటే అది అమానత్. దానిని విడిగా ఉంచి, మొదట ఆ వీధిని బాగుచేసి, ఆ లెక్కను ఆ వీధి వారికి చూపించవలసిన బాధ్యత కౌన్సిలుది.

ఈ సొమ్ము ఎలా పుడుతుందో చాలామందికి తెలియదు. తెలియకపోవడం మన తప్పేమీ కాదు, ఎవరూ చెప్పలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన జీవో నంబరు 94 టెండరు షరతులకు ఒక చట్రం ఏర్పరచింది. నేటికీ ఇంజనీరింగు పనులు చాలావరకు ఆ చట్రంలోనే నడుస్తున్నాయి. దాని ప్రకారం టెండరు వేసేటప్పుడు, ఒప్పందం కుదిరేటప్పుడు కలిపి పని విలువలో రెండున్నర శాతం ధరావతుగా చెల్లించాలి. పని సాగుతుండగా ఒక్కొక్క బిల్లు నుంచి మరో ఏడున్నర శాతం పట్టి ఉంచుతారు. పది లక్షల రూపాయల సీసీ రోడ్డు అనుకుందాం. ధరావతు 25 వేలు, బిల్లుల్లో పట్టినది 75 వేలు. వెరసి లక్ష రూపాయలు కార్యాలయం దగ్గర ఉంటాయి. పని పూర్తయిన తరువాత సాధారణంగా రెండేళ్ల పాటు దోష బాధ్యతా కాలం నడుస్తుంది. ఆ రెండేళ్లలో రోడ్డు పగిలితే కాంట్రాక్టరు తన ఖర్చుతో మరమ్మతు చేయాలి. చేయకపోతే పట్టి ఉంచిన సొమ్ముతో కార్యాలయమే చేయించాలి. అంచనా విలువ కంటే 25 శాతానికి మించి తక్కువకు టెండరు వేసినవారు ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ కూడా ఇవ్వాలి. ఇవన్నీ కాక, ఒప్పందంలోని మైలురాళ్లు దాటిపోతే ఆలస్యానికి జరిమానా వేరు.

అంటే మీ గల్లీలో పది లక్షల రోడ్డు వేసినప్పుడు, ఆ రోడ్డు చెడిపోతే బాగుచేయడానికి లక్ష రూపాయలు అప్పటికే పక్కన పెట్టి ఉన్నాయి. రోడ్డు చెడిపోయినప్పుడు మనం ఏం చేస్తున్నాం? కౌన్సిలరు ఇంటికి వెళ్లి కొత్త రోడ్డు మంజూరు చేయించమని వేడుకుంటున్నాం. నిధులు లేవన్న జవాబు విని తిరిగి వస్తున్నాం. పాత రోడ్డు డిపాజిట్టు ఏమయిందని అడగం. రెండేళ్లు గడిచిన మరునాడు ఆ లక్ష కాంట్రాక్టరుకు భద్రంగా వాపసు పోవచ్చు. అప్పుడు మాత్రం ఫైలు ఆలస్యం కాదు.

రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్క అన్నది కూడా చిన్న సంగతి కాదు. పని పూర్తయినట్లు ధ్రువపత్రం ఇచ్చిన తేదీ నుంచే ఆ గడియారం తిరుగుతుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తరువాత జరిగిన రభస పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మరమ్మతు ఎవరి ఖర్చుతో జరగాలి, పని పూర్తయినట్లు పత్రం ఎప్పుడు ఇచ్చారు, బాధ్యతా కాలం ముగిసిందా లేదా అన్నవే అక్కడా వివాదాంశాలయ్యాయి. వేల కోట్ల బ్యారేజీకైనా మన ఇంటి ముందు మోరీకైనా ప్రశ్న ఒక్కటే. బ్యారేజీ గురించి శాసనసభలో అడిగారు. మోరీ గురించి అడగవలసినవారు మనమే.

ఇక జరిమానా నిజంగా విధించారనుకుందాం. అది ఏ పద్దులో పడుతుంది? 2004లో రూపొందిన జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ పద్ధతిలో కాంట్రాక్టరు కట్టిన డిపాజిట్టు మొదట 'డిపాజిట్లు' కింద ఉంటుంది. అది సంఘం తిరిగి చెల్లించవలసిన బాకీ. జప్తు చేసిన రోజున అది 'ఇతర ఆదాయం'లోకి మారుతుంది. గణక శాస్త్రం ప్రకారం ఇందులో తప్పు లేదు. అయితే ఆ ఒక్క పద్దు మార్పుతో సొమ్ము తన చిరునామా పోగొట్టుకుంటుంది. నిన్నటి దాకా అది ఫలానా వార్డు, ఫలానా వీధి, ఫలానా పని పేరు మీద ఉన్నది. ఈ రోజు దుకాణాల అద్దె, పాత ఇనుము వేలం, కాగితాల అమ్మకం సొమ్ములతో కలిసి సాధారణ నిధి అనే చెరువులో పడింది. చెరువులో పడ్డ నీటికి ఏ వాగు నీరో గుర్తుండదు. దానితో కమిషనరు వాహనానికి డీజిలు కొట్టించినా, ప్రధాన రహదారి డివైడరుకు రంగులు వేసినా, ప్రముఖుల రాకకు స్వాగత తోరణాలు కట్టినా ఆడిటు దృష్టిలో నేరం కాకపోవచ్చు. మొత్తాలు సరిపోతే చాలు.

ఇక్కడ ఒక తలకిందులు న్యాయం ఉంది. నాసిరకం పని ఎక్కడ ఎక్కువ జరగడానికి వీలుంటుంది? అడిగేవాడు లేనిచోట. పని జరుగుతుండగా నిలబడి సిమెంటు పాళ్లు చూసే తీరిక, ఏఈని పిలిచి నిలదీసే ధైర్యం ఉన్న వీధుల్లో కాంట్రాక్టరు జాగ్రత్తగా ఉంటాడు. కోరుట్లలో పొద్దంతా బీడీలు చుడితే తప్ప పూట గడవని ఇళ్లున్న గల్లీల్లో, గల్ఫ్‌కు వెళ్లిన మగవారి కోసం ఎదురుచూసే ఇళ్లున్న మొహల్లాల్లో, సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పన్నెండు గంటలు నిలబడి పనిచేసే కార్మిక వాడల్లో ఆ తీరిక ఎవరికుంది? అక్కడ పని చెడుతుంది. అక్కడి నష్టం పేరు మీద జరిమానా పుడుతుంది. పుట్టిన జరిమానా సాధారణ నిధిలో కలిసి, గొంతు పెద్దగా ఉన్న వార్డుకు ప్రవహించడానికి అడ్డేమీ లేదు. పేదవాడ దెబ్బ తిన్నందుకు పెద్దవీధికి దీపాలు వెలిగే పద్ధతి ఇది.

మైనారిటీ హక్కుల పత్రికకు కాంట్రాక్టరు జరిమానాలతో ఏమి పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాల్లో రోడ్లు, మురుగుకాలువలు, తాగునీరు వంటి వసతుల కొరతను ప్రత్యేకంగా ఎత్తిచూపింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో ముస్లింలు సుమారు 12.7 శాతం, వారిలో అధికభాగం పట్టణవాసులు. 2016లో సుధీర్ కమిషన్ రాష్ట్ర ముస్లింల స్థితిగతులపై నివేదిక ఇచ్చినప్పుడు చర్చంతా రిజర్వేషన్ల శాతం చుట్టూనే తిరిగింది. రిజర్వేషన్ ముఖ్యమే, దానిపై ఈ పత్రిక రాస్తూనే ఉంటుంది. కానీ పట్టణ ముస్లిం కుటుంబం ప్రతిరోజూ ఎదుర్కొనే ప్రభుత్వం పేరు పురపాలక సంఘం. బడికి వెళ్లే పిల్ల మోరీ దాటలేక బురదలో పడినప్పుడు, జనాజా మోసుకెళ్లే దారిలో నీరు నిలిచినప్పుడు ఆ కుటుంబానికి తగిలేది ఆ ప్రభుత్వమే. ప్రత్యేక నిధులు ఇమ్మని అడగడానికి ముందు, మన వీధి పేరు మీద ఇప్పటికే పుట్టిన సొమ్ము ఏమయిందో అడగడం మన హక్కు.

ఇది ముస్లిం వీధుల సమస్య మాత్రమే అని మేము అనడం లేదు. సిరిసిల్లలో 2021 సెప్టెంబరు తొలివారం కురిసిన వానలకు వీధులు వాగులైనాయి, ఇళ్లలోకి నీరు చేరింది. ఆ నీరు పద్మశాలి ఇల్లు, ముస్లిం ఇల్లు, దళితవాడ అని చూడలేదు. కాబట్టి ఈ ప్రశ్నను ఒక్క మసీదు నుంచి మాత్రమే లేవనెత్తితే బలహీనపడుతుంది. పక్క వాడలోని నేత కార్మిక సంఘాన్ని, బీడీ కార్మిక మహిళలను, అంబేడ్కర్ సంఘాన్ని కలుపుకొని అడిగితే కార్యాలయం జవాబు చెప్పక తప్పదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. ఒప్పందం ఉల్లంఘించినవారు చెల్లించవలసిన సొమ్ము గురించి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను చెబుతుంది. ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే రాబట్టవచ్చునన్నది దాని సారం. 1963లో ఫతేచంద్ కేసులోనూ, 2015లో కైలాష్‌నాథ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించింది. నష్టం జరిగితేనే పరిహారం. ఎవరికీ ఏ నష్టం లేకుండా డిపాజిట్టు మింగేయడానికి వీల్లేదు. మరి రోడ్డు ఆలస్యమైతే నష్టపోయినది ఎవరు? 2003లో ఓఎన్‌జీసీ, సా పైప్స్ సంస్థల మధ్య వచ్చిన తీర్పులో కోర్టు సరిగ్గా ఈ ఉదాహరణనే తీసుకున్నది. రోడ్డో వంతెనో ఆలస్యమైనప్పుడు సమాజానికి ఎంత నష్టం కలిగిందో రూపాయల్లో రుజువు చేయడం కష్టమనీ, అందుకే ముందుగా రాసుకున్న మొత్తానికి విలువ ఉంటుందనీ వివరించింది. నష్టపోయినది సమాజమని అత్యున్నత న్యాయస్థానమే గుర్తించినప్పుడు, ఆ సమాజం పేరు చెప్పి వసూలు చేసిన సొమ్మును దానికి చెప్పకుండా ఖర్చుచేసే నైతికాధికారం కౌన్సిలుకు ఎక్కడిది?

జరిమానా సొమ్మును విడిగా ఉంచాలన్నది కొత్త ఆలోచన కూడా కాదు. చెత్త, మురుగునీటి నిర్వహణలో వైఫల్యానికి జాతీయ హరిత ట్రైబ్యునల్ 2022 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వానికి సుమారు 3,800 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించినప్పుడు, ఆ మొత్తాన్ని ప్రత్యేక ఖాతాలో జమచేసి, చెడిన పర్యావరణాన్ని బాగుచేయడానికే వాడాలని ఆదేశించింది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ జిల్లా ఖనిజ ఫౌండేషన్లను ఏర్పరచింది. గని తవ్వుకున్నవారు చెల్లించే సొమ్ములో ఒక వాటా తవ్వకంతో దెబ్బతిన్న ప్రాంతానికే, ప్రజలకే చెందాలన్నది దాని ఉద్దేశం. 2017 నాటి తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మరో మెట్టు ఎక్కింది. ఆ నిధిలో ఖర్చుకాని మొత్తాన్ని తరువాతి ఏడాదికి బదలాయించే ఏర్పాటు చేసింది. దళిత ఉద్యమం ఏళ్ల తరబడి పోరాడి ఈ సూత్రాన్ని సాధించుకున్నది. పురపాలక చట్టంలోనే చూడండి. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం బడ్జెట్టులో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని శాసించింది. చెట్లకు విడి పద్దు ఉండగలిగినప్పుడు, పగిలిన వీధికి విడి పద్దు ఎందుకు ఉండకూడదు?

కాంట్రాక్టర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వారందరూ దోపిడీదారులని మేము అనుకోవడం లేదు. చిన్న కాంట్రాక్టర్లలో మన కుర్రవాళ్లు కూడా ఉన్నారు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి పని పూర్తిచేసి, బిల్లు కోసం ఏళ్ల తరబడి కార్యాలయం చుట్టూ తిరిగినవారు ఈ రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. పెండింగు బిల్లుల కోసం వారు ధర్నాలు చేసిన వార్తలూ చదివాం. తాను చెల్లించవలసిన బిల్లు ఆపుకొని, ఎదుటివాని ఆలస్యానికి జరిమానా వేసే కార్యాలయానికి న్యాయం చెప్పే అర్హత తగ్గిపోతుంది. పైగా పని విలువలో కొంత శాతం పంపకాలకే పోతుందన్నది బహిరంగ రహస్యం. సిరిసిల్లలోనే కొన్నేళ్ల కిందట చైర్‌పర్సన్ స్థానంలో ఉన్నవారు కమిషన్ల గురించి బాహాటంగా మాట్లాడి, అది రాష్ట్రమంతా దుమారం రేపి, చివరకు పదవిని వదులుకోవలసి వచ్చిన సంగతి మరచిపోలేం. నిజానిజాల మాట అలా ఉంచి, ఆ తరువాతనైనా లెక్కలు బయట పెట్టే పద్ధతి రావలసింది. సిమెంటులో తగ్గినది ఎక్కడికి పోయిందో అడగకుండా కాంట్రాక్టరు ఒక్కడినే దొంగను చేయడం సగం న్యాయం. జరిమానా రిజిస్టరు బయటికొస్తే, ఎవరికి విధించారు, ఎవరిని వదిలేశారు అన్నది కూడా తేలుతుంది. నిజాయితీగా పనిచేసే కాంట్రాక్టరుకు దానివల్ల మేలే తప్ప కీడు లేదు.

వదిలేయడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. విధించిన జరిమానా కంటే విధించకుండా పోయిన జరిమానా ఎప్పుడూ పెద్దది. గడువు దాటిన పనికి 'గడువు పొడిగింపు' ఇవ్వవచ్చు. అది జరిమానాతో ఇచ్చారా, జరిమానా లేకుండా ఇచ్చారా అన్నది ఆ ఉత్తర్వులోని ఒక్క ముక్క నిర్ణయిస్తుంది. వానలు, ఇసుక కొరత, స్థల వివాదం, కరెంటు స్తంభం అడ్డం అని రాసిన కారణాల్లో కొన్ని నిజమైనవే. కొన్ని ఏ ఫైలులో చూసినా అవే వాక్యాలు. ఈ పొడిగింపు ఉత్తర్వులు కౌన్సిలు ముందుకు వచ్చాయా, అజెండాలో కనీసం ప్రస్తావన అయినా ఉన్నదా అని ఏ కౌన్సిలరూ అడగకపోతే, ఆ కౌన్సిలరుకు మనం వేసిన ఓటు సగం వృథా.

మరో చిక్కు ఉంది. పట్టణంలో జరిగే పనులన్నీ పురపాలక సంఘానివి కావు. మంచినీటి, మురుగునీటి పెద్ద పనులను ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖ, ప్రధాన రహదారులను రోడ్లు భవనాల శాఖ చేపడతాయి. కొత్తగా వేసిన సీసీ రోడ్డును పైపులైను కోసం మరో శాఖ తవ్విపోతే, దానిని పూడ్చవలసిన కాంట్రాక్టరు మీద జరిమానా పడినా ఆ సొమ్ము చేరేది ఆ శాఖకు. తవ్విన గుంత మాత్రం మన వీధికి మిగులుతుంది. కౌన్సిలును అడిగితే మాకు సంబంధం లేదంటారు, శాఖను అడిగితే కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్లమంటారు. తన వీధిని తవ్వడానికి అనుమతి ఇచ్చిన సంఘానికి ఆ వీధిని తిరిగి బాగుచేయించే బాధ్యత ఉండదంటే మేము ఒప్పుకోం. పునరుద్ధరణ సొమ్ము ముందుగా తన ఖాతాలో పడనిదే పార పెట్టనివ్వమని కౌన్సిలు తీర్మానించవచ్చు.

జరిమానాలన్నీ కలిపినా కొద్ది లక్షలే, దీనికి ఇంత గొడవ ఎందుకు అనేవారూ ఉన్నారు. పట్టణ బడ్జెట్టు ముందు అది చిన్న మొత్తం కావచ్చు. ఒక్క వీధి ముందు లక్ష రూపాయలు చిన్న మొత్తం కాదు. మోరీ మీద పగిలిన మూతలు మార్చడానికి, బడి ముందు గుంత పూడ్చడానికి, దీపం లేని మలుపులో రెండు దీపాలు పెట్టడానికి అది సరిపోతుంది.

అడగడానికి దారులున్నాయి. 2019 చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలను నిర్దేశించింది. యువజనులు, మహిళలు, వృద్ధులు, వార్డు ప్రముఖులు, ఒక్కొక్క దానిలో 15 మంది. వార్డుకు 60 మంది అనుకుంటే ఈ మూడు పట్టణాల్లో 7,200 మంది పౌరులకు పురపాలక వ్యవహారాల్లో కూర్చునే చోటు ఉన్నది. వారిలో ఎందరికి తాము కమిటీ సభ్యులమన్న సంగతి గుర్తుంది? 2025 జనవరిలో పాత పాలకవర్గాల గడువు ముగిసి పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లినప్పుడు ప్రశ్న అడిగే కౌన్సిలరు కూడా లేకపోయాడు. అటువంటి కాలంలో వార్డు కమిటీల అవసరం మరింత ఉండింది. ఏ పార్టీ పాలకవర్గం వచ్చినా, ఆ కమిటీలు కాగితం దిగి వీధిలో కూర్చోవాలని మొదట అడగవలసి ఉంది.

మసీదు కమిటీల నుంచి కౌన్సిలు నేర్చుకోదగినది ఒకటి ఉంది. జుమా చందా ఎంత వచ్చిందో, కరెంటు బిల్లుకు ఎంత పోయిందో, ఇమాము సాహెబు జీతం ఎంతో పలక మీద రాయడం, నమాజు తరువాత చదివి వినిపించడం చాలా మసీదుల్లో ఉన్న అలవాటే. అన్ని కమిటీలూ అంత నిక్కచ్చిగా లేవు, వక్ఫ్ ఆస్తుల లెక్కల్లో మనవారి నిర్వాకం మనకు తెలుసు, దాని గురించి మరో సంచికలో వాదించుకుందాం. కానీ పలక మీద రాసే పద్ధతి మంచిది. ఫలానా వీధి పని, పని విలువ, పూర్తయిన తేదీ, బాధ్యతా కాలం ముగిసే తేదీ, పట్టి ఉంచిన డిపాజిట్టు, విధించిన జరిమానా, దానితో చేయించిన మరమ్మతు. ఈ ఏడు సంగతులు వీధి మొదట్లో గోడ మీద రాయడానికి ఒక డబ్బా రంగు చాలు. రాజస్థాన్‌లో 1990లలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊరి నడుమ గుడారం వేసి బిల్లులు, మస్టర్లు పైకి చదివించినప్పుడు, చనిపోయినవారి పేర్ల మీద కూలి చెల్లింపులు బయటపడ్డాయి. సమాచార హక్కు చట్టానికి బీజం అక్కడే పడింది. మన ప్రాంతానికి ప్రశ్నించడం ఎవరూ నేర్పనక్కర లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన పల్లెల వారసులు ఈ పట్టణాల్లోనే ఉన్నారు.

అయితే బయటపెట్టడంతో పని పూర్తి కాదని కూడా అనుభవం చెబుతుంది. ఉపాధి హామీ పనులపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి సామాజిక తనిఖీలు నిర్వహించి దేశానికి దారి చూపింది. అక్రమాలు తేలాయి, మొత్తాలు తేలాయి. తేలినదానిలో తిరిగి వసూలైనది కొద్దిభాగమే. కనుక లెక్క చదివి ఇంటికి వెళ్లిపోతే లాభం లేదు. వసూలు అయ్యేదాకా, వసూలైనది వీధికి చేరేదాకా వెంటపడాలి. కొత్త కౌన్సిలు తన తొలి బడ్జెట్టు సమావేశంలోనే జరిమానాలకు, జప్తు చేసిన డిపాజిట్లకు విడి రిజిస్టరు తెరవాలనీ, ఏ వార్డులో పుట్టిన సొమ్ము ఆ వార్డు మరమ్మతుకే మొదట వాడాలనీ, మిగిలితే తరువాతి ఏడాదికి అదే వార్డు పేరు మీద కొనసాగించాలనీ తీర్మానం చేయాలని మేము కోరుతున్నాం. వాహనాలకు, సన్మానాలకు, ఫ్లెక్సీలకు ఆ సొమ్ము ముట్టరాదని అందులోనే రాయాలి.

తీర్మానం అయ్యేదాకా చేతులు కట్టుకొని కూర్చోనక్కర లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో ఆగిపోలేదు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు రెండవ సెక్షనులోనే ఉన్నాయి. మన సంఘాల్లో చాలామంది ఈ సంగతి వాడుకోలేదు. దరఖాస్తులో 'జరిమానాల వివరాలు ఇవ్వండి' అని మొత్తంగా అడిగితే వివరాలు లేవన్న జవాబు సులువుగా వస్తుంది. ఫలానా వార్డులో గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో జరిగిన పనుల జాబితా, ఒక్కొక్క పని ఒప్పందం నకలు, ఎం.బుక్కు పేజీలు, పూర్తయినట్లు ఇచ్చిన ధ్రువపత్రం, గడువు పొడిగింపు ఉత్తర్వులు, డిపాజిట్టు రిజిస్టరులో ఆ పని పేరు మీద ఉన్న పేజీ అని విడివిడిగా అడగాలి. డిపాజిట్టు వాపసు ఇచ్చి ఉంటే ఏ తేదీన, ఎవరి తనిఖీ నివేదిక ఆధారంగా ఇచ్చారో అడగాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి రుసుము లేదు, మిగిలినవారికి పది రూపాయలు. ముప్పై రోజుల్లో సమాధానం రాకపోతే అదే కార్యాలయ వ్యవస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆపైన రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. ఆ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లు లేక మూలపడి ఉన్నదన్న చేదు నిజం మనకు తెలుసు, 2025లో గాని నియామకాలు జరగలేదు. అందుచేత అప్పీళ్లు పేరుకుపోయి ఉంటాయి. అయినా దరఖాస్తు మీద పడే స్వీకృతి ముద్రకు విలువ ఉంది. బాధ్యతా కాలం ముగియక ముందే ఆ ముద్ర పడితే, ఆ పని డిపాజిట్టు వాపసు ఫైలు మీద సంతకం చేసే ఇంజనీరు ఒకసారి వీధిలోకి వచ్చి చూసి పోతాడు.

దరఖాస్తు తెలుగులోనే రాయనక్కర లేదు. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష, సమాచార హక్కు చట్టం ఆ ప్రాంత అధికార భాషలో అడిగే వీలు కల్పిస్తుంది. తెలుగు రాయడం రాని అమ్మీలు, నానీలు ఉర్దూలో రాసి తమ మోరీ లెక్క తామే అడగవచ్చు. వారి వీధిలో రెండేళ్లు నిండని పనులు ఏవేవి ఉన్నాయో ఈ నెలలోనే పిల్లల చేత రాయించి పెట్టుకోవాలి.